హెర్మెస్ మునిగిన పూట

అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రం చదివే ప్రతి తెలుగింట్లోనూ మొట్టమొదట వినిపించే పేరు లంకలోని శాంకరీదేవిది. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ, అందరూ ఆ తల్లి తర్వాతే వస్తారు. ఆమె కొలువు త్రింకోమలి కొండ మీద, కోణేశ్వరస్వామి సన్నిధిలో ఉందని భక్తుల నమ్మకం. కళ్లారా చూసినవాళ్లు కొద్దిమందే అయినా ఆ కొండను తరతరాలుగా మనం పొద్దున్నే తలుచుకుంటూనే ఉన్నాం. దాని పక్కనే ప్రపంచంలోని గొప్ప సహజ రేవుల్లో ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 8 రాత్రి ఆ రేవు విడిచి వెళ్లి, మర్నాడు తిరిగి వస్తూ మునిగిపోయిన ఓడ కథ ఇది. ఆ ఓడ మనది కాదు. అప్పటికి మనల్ని ఏలుతున్న దొరలది. అయినా ఆ వారం మన కోస్తా మీద పడిన బాంబులూ, దాని మీద పడిన బాంబులూ ఒకే దండయాత్రలోవి. అందుకే ఈ కథలో మనకూ వాటా ఉంది.

ముందు ఆ రేవు సంగతి చెప్పాలి. ఒకప్పుడు నాగపట్నం నుంచి కలకత్తా దాకా మన తూర్పు తీరమంతా ఓడలకు కఠినమైన తీరం. మచిలీపట్నంలోనైనా, మద్రాసులోనైనా పెద్ద ఓడ దూరాన లంగరు వేసుకుని నిలబడాల్సి వచ్చేది. సరుకులూ మనుషులూ మసూలా పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు రావాల్సి వచ్చేది. ఈశాన్య రుతుపవనం మొదలై తుపాన్లు లేచాయంటే యుద్ధనౌకలకు తలదాచుకునే చోటు ఉండేది కాదు. త్రింకోమలి అలా కాదు. చుట్టూ కొండలు, మధ్యలో నిశ్చలమైన నీళ్లు, ఎంత బరువున్న ఓడైనా నేల తగలకుండా లోపలిదాకా వచ్చే లోతు. మహావేలి గంగ కలిసే కొడ్డియార్ అఖాతం అడుగున పెద్ద లోయే ఉంది. ఒడ్డుకు అంత దగ్గరలో అంత లోతు ఉండడం వల్లనే ఆ దాపుల్లో నీలి తిమింగలాలు కూడా కనిపిస్తాయి. ఏ కాలంలోనైనా, ఏ గాలిలోనైనా ఒక నౌకాదళాన్ని మొత్తంగా దాచగల రేవు అది. బంగాళాఖాతాన్ని ఏలాలనుకున్న ప్రతివాడికీ దాని మీదే కన్ను.

ఆ కన్ను పడిన నాటి నుంచి అక్కడ ఏదో ఒకటి కూలుతూనే వచ్చింది. 1620లలో పోర్చుగీసువాళ్లు కోణేశ్వరం గుడిని పడగొట్టి, ఆ రాళ్లతోనే కోట కట్టుకున్నారు. 1639లో డచ్చివాళ్లు ఆ కోటను లాక్కున్నారు. 1782లో అయితే ఒక్క ఏడాదిలోనే జనవరిలో ఇంగ్లీషువాళ్లు, ఆగస్టులో ఫ్రెంచి నౌకాపతి సఫ్రెన్ దాన్ని పట్టుకున్నారు. చివరికి 1795లో ఇంగ్లీషువాళ్లు వచ్చి స్థిరపడ్డారు. తర్వాత ఇంగ్లీషు నౌకావీరుడిగా పేరుపొందిన నెల్సన్ కుర్రతనంలో సీహార్స్ అనే ఓడ మీద ఇక్కడికి వచ్చాడు. నవలాకారిణి జేన్ ఆస్టెన్ తమ్ముడు, రేర్ అడ్మిరల్ చార్లెస్ ఆస్టెన్ 1852లో బర్మా యుద్ధంలో కలరాతో పోతే ఇక్కడే పూడ్చారు. ఈ రేవు పేరు పెట్టుకున్న ఫ్రిగేటు ఒకటి 1817లో బొంబాయిలో వాడియాల చేతుల మీదుగా మన టేకుతో తయారైంది. అది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ఇప్పటికీ తేలుతోంది.

బొగ్గు కాలం పోయి చమురు కాలం వచ్చాక త్రింకోమలి విలువ మరింత పెరిగింది. రేవు పక్కనున్న చైనా బే దగ్గర అడవి నరికి, ఒక్కొక్కటీ చిన్న గుట్టంత ఉండే ఉక్కు ట్యాంకులు 101 కట్టారు. సింగపూరు ముందు కాపలా, త్రింకోమలి వెనక కొట్టు. బ్రిటిష్ వాళ్ల లెక్క అది. ఆ లెక్క మూడు నెలల్లో తారుమారైంది. 1941 డిసెంబరు 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహానౌకలను జపాన్ విమానాలు మలయా తీరంలో ముంచేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ పోయాయి. వెనక కొట్టు అనుకున్న చోటే యుద్ధానికి ముంగిలి అయింది.

అప్పుడు ఆ రేవులో ఉన్న ఓడల్లో ఒకటి హెర్మెస్.

విమానాలు మోయడానికే, మొదటి గీత నుంచీ ఆ పనికోసమే గీసి, కట్టడం మొదలుపెట్టిన తొలి యుద్ధనౌక అది. అంతకుముందు విమానవాహక నౌకలన్నీ వేరే పనికి కట్టి తర్వాత మార్చుకున్నవే. 1918 జనవరిలో టైన్ నది ఒడ్డున ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ యార్డులో దానికి అడుగు వేశారు. 1919 సెప్టెంబరులో నీళ్లలోకి దింపారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని పూర్తికాలేదు. వంతెన ఎక్కడుండాలి, పొగగొట్టం ఎక్కడుండాలి, విమానం దిగేటప్పుడు గాలి ఎలా మళ్లుతుంది, ఇవేవీ అప్పటికి ఎవరికీ తెలియవు. తెలిసిన కొద్దీ నమూనా మారుతూ వచ్చింది. చివరికి 1924 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. పొడవు 600 అడుగులు, బరువు 10,850 టన్నులు, మోసేవి 20 విమానాలు. పుట్టినప్పుడు అది వింత. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి చిన్నదైపోయింది, నెమ్మదైపోయింది, పాతబడిపోయింది. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్లు దాన్ని దాటిపోయారు.

నేర్చుకున్నవాళ్లు అంటే ఎవరో కాదు, జపాన్‌వాళ్లే. హెర్మెస్ ఇంకా పూర్తికాకముందే, 1921లో, సెంపిల్ అనే బ్రిటిష్ అధికారి సుమారు 30 మంది శిక్షకులను వెంటబెట్టుకుని జపాన్ వెళ్లాడు. కసుమిగౌరాలో మకాం వేసి జపాన్ నౌకాదళానికి విమానం నడపడం, టార్పెడో వదలడం, ఓడ మీదకు దిగడం దగ్గరుండి నేర్పించారు. సాప్‌విత్ కంపెనీలో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు మిట్సుబిషికి విమానాలు గీసిచ్చాడు. జపాన్ కట్టుకున్న హోషో అనే విమానవాహక నౌక హెర్మెస్ కంటే ఆలస్యంగా మొదలై, దానికంటే ముందే 1922 డిసెంబరులో పూర్తయింది. 1923లో దాని మీద మొట్టమొదట దిగిన విమానాన్ని నడిపినవాడు కూడా జోర్డాన్ అనే ఇంగ్లీషువాడే.

ద్రోణుడి కథ మనకు తెలిసిందే. తనను చంపడానికే పుట్టాడని తెలిసి కూడా ద్రుపదుడి కొడుకు ధృష్టద్యుమ్నుడికి ఆయన అస్త్రవిద్య నేర్పాడు. ఆ శిష్యుడి చేతిలోనే, ఆయుధం కింద పెట్టి కూర్చున్న వేళ, తల పోగొట్టుకున్నాడు. హెర్మెస్ చావు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ ఘట్టమే గుర్తొస్తుంది. ఎందుకంటే ఏప్రిల్ 9 ఉదయం హెర్మెస్ దగ్గర కూడా ఆయుధం లేదు.

ఆ వారం ఎలా గడిచిందో వరసగా చెప్పాలి. పెర్ల్ హార్బర్‌ను తగలబెట్టిన జపాన్ నౌకాపతి నగుమో దళమే ఐదు పెద్ద విమానవాహక నౌకలతో హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. వాళ్లు వస్తున్నారని ఏప్రిల్ 4న లంకలోని కొగ్గల నుంచి ఎగిరిన ఒక కాటలీనా విమానం చూసి చెప్పింది. దాని చోదకుడు, కెనడావాడైన బిర్చల్, కబురు పంపుతూ పంపుతూనే కూలి ఖైదీ అయ్యాడు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద బాంబులు పడ్డాయి. అదే రోజు మధ్యాహ్నం డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు నడిసముద్రంలో నిమిషాల్లో మునిగిపోయాయి. 424 మంది చనిపోయారు. వెయ్యిమందికి పైగా నావికులు చమురు తేలే నీళ్లలో మర్నాటిదాకా ఈదుతూ గడిపారు.

ఏప్రిల్ 6 మన వంతు. ఉత్తరాన ఒజావా నడిపిస్తున్న మరో జపాన్ దళం బంగాళాఖాతంలో వర్తక నౌకలను వేటాడుతోంది. ఆ కొద్దిరోజుల్లో 20కి పైగా ఓడలు మునిగాయి. ఆ దళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా కాలేదు. ఏడాది కిందట, 1941 జూన్ 21న, బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ప్రాణనష్టం పెద్దది కాకపోయినా భయం పెద్దది. జనం బళ్లు కట్టుకుని పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు వదిలి గుంటూరుకు మారింది. నౌకానిర్మాణం వెనకబడి, తొలి ఓడ జలఉష నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగడానికి 1948 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. పిఠాపురానికీ ద్రాక్షారామానికీ మధ్యనున్న కాకినాడ మీద యుద్ధం పడిన మూడో రోజున, అదే స్తోత్రంలోని మొదటి పీఠం మీద పడింది.

ఏప్రిల్ 8న మరో కాటలీనా తూర్పున నగుమో దళాన్ని మళ్లీ చూసింది. ఈసారి గురి త్రింకోమలి అని తేలిపోయింది. కొలంబోలో ఉన్న వైస్ అడ్మిరల్ ఆర్బత్‌నాట్, రేవు ఖాళీ చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఓడలు తెల్లారేసరికి రేవుకు దూరంగా, దక్షిణాన, ఒడ్డు వెంటే ఉండాలి. రేవులో కదలకుండా ఉంటే పెర్ల్ హార్బరు గతి పడుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఆ ఆజ్ఞలో తప్పులేదు. తప్పు వేరే చోట ఉంది. హెర్మెస్ విమానాలు, పాతకాలపు స్వోర్డ్‌ఫిష్‌లు, అప్పటికి ఒడ్డు మీద ఉన్నాయి. వాటిని ఎక్కించుకోకుండానే ఓడ బయల్దేరింది. రెండు రెక్కల ఆ టార్పెడో విమానాలు జపాన్ జీరో యుద్ధవిమానాలను ఆపగలిగేవి కావు, నిజమే. కానీ చుట్టూ ఎగిరి, ఎవరొస్తున్నారో చూసే కళ్లైనా ఉండేవి. విమానాల కోసమే పుట్టిన ఓడ ఒక్క విమానం కూడా ఎగరేయలేని స్థితిలో, వాంపైర్ అనే ఆస్ట్రేలియా విధ్వంసక నౌక ఒక్కటే తోడుగా, చీకట్లో దక్షిణానికి కదిలింది.

ఏప్రిల్ 9 ఉదయం ఏడు గంటల వేళ దాడి మొదలైంది. 90కి పైగా బాంబర్లు, వాటికి కాపలాగా జీరోలు. రాడార్ ముందే పసిగట్టింది కాబట్టి చైనా బే నుంచి హరికేన్ యుద్ధవిమానాలు లేచి ఎదురు నిలబడ్డాయి. వాటిలో ఎనిమిది తిరిగి రాలేదు. డాక్‌యార్డు ధ్వంసమైంది. రేవులోనే ఉండిపోయిన సగాయింగ్ అనే వర్తక నౌక తగలబడింది. ఒక జపాన్ విమానం తిన్నగా వెళ్లి ఒక చమురు ట్యాంకును గుద్దుకుంది. ఆ మంట రోజుల తరబడి ఆరలేదు.

దాడి అయిపోయింది, శత్రువు వెనక్కి పోయాడు అనుకున్నారు. హెర్మెస్‌కు తిరిగి రమ్మని కబురు వెళ్లింది. కెప్టెన్ ఆన్‌స్లో ఓడను ఉత్తరానికి తిప్పాడు. అప్పటికే హరూనా అనే జపాన్ యుద్ధనౌక నుంచి ఎగిరిన గూఢచారి విమానం ఒకటి వాళ్లను చూసేసింది. ఆ కబురు అందగానే నగుమో దళం నుంచి 80కి పైగా డైవ్ బాంబర్లు లేచాయి. ఈ చోదకులు గాలిలోంచి నిట్టనిలువుగా దూకి కదిలే ఓడ మీద బాంబు వదలడంలో అప్పటి ప్రపంచంలోనే ఆరితేరినవాళ్లు. నాలుగు రోజుల ముందు డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్‌లను ముంచిందీ ఈ దళంవాళ్లే.

బట్టికలోవా తీరానికి ఎదురుగా, పదిన్నర దాటాక వచ్చారు. హెర్మెస్ రేడియోలో సాయం అడిగింది. పొద్దుటి దాడిలో త్రింకోమలి హరికేన్లు సగం పోయాయి, ఉన్నవి అలిసిపోయాయి, కబుర్లు పోయే తీగలు చెడిపోయాయి. కొలంబో దగ్గరి రత్మలానా నుంచి ఫుల్మర్ యుద్ధవిమానాలు వచ్చాయి గానీ, వచ్చేసరికి కాపాడడానికి ఓడ లేదు. ఓడ మీది విమాన విధ్వంసక తుపాకులు కొద్దివే, అవీ పాతవే. బాంబులు ఒకదాని వెంట ఒకటి పైకప్పు చీల్చుకుని లోపల పేలాయి. విమానాలను పైకి తెచ్చే ముందువైపు లిఫ్టు గాల్లోకి లేచిపోయింది. ఇరవై నిమిషాలు కూడా గడవలేదు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు హెర్మెస్ ఒరిగి మునిగిపోయింది. దాదాపు 40 బాంబులు తగిలాయని లెక్క. కెప్టెన్ ఆన్‌స్లోతో కలిపి 307 మంది పోయారు. వెంటనే వాంపైర్ వంతు వచ్చింది. అది రెండు ముక్కలై పోయింది. దాని కమాండర్ మోరన్ కూడా తిరిగి రాలేదు. ఇంకాస్త దూరాన హాలీహాక్ అనే చిన్న కాపలా నౌక, అథెల్‌స్టేన్, బ్రిటిష్ సార్జెంట్ అనే రెండు చమురు ఓడలు, నార్వేకు చెందిన నార్వికెన్ కూడా ఆ పూటే మునిగాయి.

ఆ దారంట వైటా అనే ఆసుపత్రి ఓడ వస్తోంది. ఎర్ర శిలువ గుర్తు చూసి జపాన్ విమానాలు దాన్ని ముట్టుకోలేదు. నీళ్లలో ఉన్న సుమారు 600 మందిని అది ఎక్కించుకుంది. కొందరు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. యుద్ధం ఎంత క్రూరంగా సాగినా ఆ ఒక్క ఓడను వదిలేశారన్న మాట చరిత్రలో నిలవాలి.

హెర్మెస్‌ను ఎవరు చంపారు? బాంబు వేసిన చోదకుడని సులువుగా చెప్పొచ్చు. నాకు అది చాలదు. పెద్ద ఫిరంగులున్న ఓడలే సముద్రానికి రాజులని నమ్మిన పెద్దలు, విమానవాహక నౌకను పనిమనిషిలా చూశారు. తామే కనిపెట్టి, తామే జపాన్ వెళ్లి నేర్పించి వచ్చిన విద్యను తమ నౌకాదళంలో మాత్రం ఎదగనివ్వలేదు. నౌకాదళ విమానాలను రెండు దశాబ్దాల పాటు వైమానిక దళం చేతుల్లో పెట్టి, వాటి మీద హక్కు కోసం రెండు శాఖలూ కొట్లాడుకున్నాయి. ఆ గ్రహచారమే ఏప్రిల్ 9 ఉదయం బట్టికలోవా దగ్గర 307 మంది మీద పడింది. ఇంకో మాట కూడా అనాలి. త్రింకోమలి లోతు మీద ఆ పెద్దలకు ఉన్న భరోసా కూడా అలాంటిదే. అది తుపాను నుంచి, కెరటాల నుంచి, సముద్రం మీద వచ్చే శత్రువు నుంచి కాపాడే రేవు. ఆకాశం నుంచి వచ్చేవాడికి లోతుతో పనేముంది?

గెలిచినవాళ్లకు కూడా ఆ గెలుపు నిలవలేదు. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 4న మొదలైన మిడ్‌వే యుద్ధంలో అకాగి, సోర్యు, హిర్యు మూడూ మునిగాయి. వాటిని ముంచినవీ డైవ్ బాంబర్లే.

హెర్మెస్ పేరు మాత్రం చావలేదు. బ్రిటిష్ వాళ్లు ఆ పేరే పెట్టుకున్న మరో విమానవాహక నౌకను 1959లో నౌకాదళంలో చేర్చుకున్నారు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అది వాళ్ల పతాక నౌక. తర్వాత దాన్ని మనం కొనుక్కున్నాం. 1987 మే 12న అది విరాట్ అయింది. 1989లో శ్రీలంకలో ఉన్న మన శాంతిదళానికి అండగా ఆ జలాల్లోకే వెళ్లింది. తొలి హెర్మెస్ మునిగిన తీరాన రెండో హెర్మెస్ మన జెండాతో తిరిగింది. 2017 మార్చి 6న విరమణ ఇచ్చారు. అంతకుముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని విశాఖ తీరాన మ్యూజియంగా నిలపాలని ప్రతిపాదించింది. ఖర్చు దగ్గర లెక్క కుదరలేదు. కురుసురా జలాంతర్గామిని ఇసుకలో నిలబెట్టి లక్షలమంది పిల్లలకు చూపించిన ఊరు అది. విరాట్‌ను కూడా చూపించగలిగేది. 2020లో ఆ ఓడ పాత ఓడలను విరగ్గొట్టే అలంగ్ చేరింది, ముక్కలైపోయింది. తొలి హెర్మెస్‌ను శత్రువు ముంచాడు. రెండోదాన్ని మనమే ఇనుముగా అమ్మేశాం. ఈ మాట రాస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతోంది.

త్రింకోమలి రేవును 1957లో బ్రిటిష్ వాళ్లు సిలోను ప్రభుత్వానికి అప్పగించి వెళ్లారు. ఆనాటి సగాయింగ్ శిథిలాన్ని 2018లో శ్రీలంక నౌకాదళం గజఈతగాళ్లు నెలల తరబడి శ్రమించి పైకి తేల్చారు. చైనా బే ట్యాంకుల్లో 99 మిగిలాయి. 2022 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం వాటిలో 14 ఇండియన్ ఆయిల్ లంక శాఖకు, 24 సిలోన్ పెట్రోలియం సంస్థకు, మిగతా 61 ఆ రెంటి ఉమ్మడి కంపెనీకి దక్కాయి. హెర్మెస్ బట్టికలోవాకు ఎదురుగా, సుమారు 50 మీటర్ల లోతున ఇప్పటికీ ఉంది. దానితో పోయినవాళ్లలో ఎక్కువమందికి సమాధులు లేవు. స్వదేశంలోని స్మారకాల మీద పేర్లు మాత్రం ఉన్నాయి.

శాంకరీదేవి దర్శనానికి త్రింకోమలి వెళ్లే మనవాళ్లకు ఒక మాట. కోణేశ్వరం కొండ దిగాక నిలావెలి వెళ్లే రోడ్డు మీద యుద్ధ శ్మశానం ఉంది. కాసేపు అక్కడ ఆగండి. ఆ రాళ్ల మీదున్న పేర్లూ వయసులూ చదవండి. విశాఖ, కాకినాడ వాళ్లకు మరో విన్నపం. 1942 ఏప్రిల్ 6న చిన్నపిల్లలుగా సైరన్ విన్నవాళ్లు, అమ్మానాన్నల చేతులు పట్టుకుని పల్లెలకు పోయినవాళ్లు మీ ఇళ్లలో ఒకరిద్దరైనా ఇంకా ఉండొచ్చు. వాళ్లకిప్పుడు తొంభై దగ్గర. ఈ ఏడే కూర్చోబెట్టి అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.